థార్ సాఫ్ట్‌టాప్‌కి ఇంట్లో కట్టే సబ్ వూఫర్ బాక్స్: లీటర్లు, చెక్క, బిగింపు, వైరింగ్

#1 మట్టిబాట

బండి 2020 తర్వాతి థార్, 3 డోర్, కన్వర్టిబుల్ సాఫ్ట్‌టాప్, 4 సీట్లు. సబ్ వూఫర్ (కింది బేస్ స్పీకర్) 10 అంగుళాలది, డ్యూయల్ 4 ఓమ్ కాయిల్, అంటే 4 ఓమ్ కాయిళ్ళు రెండు, 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్). కాగితంలో ఇచ్చిన వివరాలు: ఎఫ్‌ఎస్ (బాక్స్ లేకుండా ఉండే రెజొనెన్స్) 32 హెర్ట్జ్, క్యూటీఎస్ (కోన్ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.50, వీఏఎస్ (కోన్ ఆసరాకి సమానమైన గాలి) 35 లీటర్లు, మౌంటింగ్ లోతు 150 మి.మీ., కటౌట్ 234 మి.మీ. ఆంప్ (ఆంప్లిఫయర్) క్లాస్ డి మోనోబ్లాక్, అంటే ఒకే ఛానల్ది, 2 ఓమ్ దగ్గర 300 వాట్లు.

రెడీమేడ్ బాక్సులన్నీ సెడాన్ డిక్కీలకి చేసినవి. వెనక సీటు వీపుకీ టెయిల్ డోర్‌కీ మధ్య పట్టేది ఒక్కటీ లేదు. సీటు తీయను. బండి వాగులు దాటుతుంది, ఘాట్ల మీద గుంతల్లో తిరుగుతుంది. అడగాల్సినవి: సీల్డా (పూర్తిగా మూసినది) పోర్టెడా (గాలి పైపు ఉన్నది), ఎన్ని లీటర్లు? ఎండీఎఫా (చెక్క నార అదిమి చేసిన పలక) ప్లైవుడ్డా? ఫ్లోర్‌కి ఎలా బిగించాలి?

#2 లీటర్‌లెక్క

మట్టిబాట గారూ, డ్రైవర్ (సబ్ స్పీకర్) వివరాలు రాసి మంచి పని చేశారు. చాలామంది "10 అంగుళాల సబ్‌కి ఎంత బాక్స్" అని ఒక్క ముక్క అడిగి వదిలేస్తారు, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు.

సీల్డ్‌కి లెక్క చిన్నదే. కావలసిన క్యూటీసీని (బాక్స్‌లో పెట్టాక అదే అంకె ఎంత ఉండాలో అది) క్యూటీఎస్‌తో భాగించండి, వచ్చినదాన్ని వర్గం చేయండి, 1 తీసేయండి. ఆ అంకెతో వీఏఎస్‌ని భాగిస్తే లీటర్లు వస్తాయి. క్యూటీసీ 0.707 కావాలంటే 1.414, వర్గం 2, ఒకటి తీస్తే 1. అంటే మొత్తం 35 లీటర్లూ కావాలి. 0.8 చాలనుకుంటే 1.6, వర్గం 2.56, ఒకటి తీస్తే 1.56. 35ని 1.56తో భాగిస్తే 22.4 లీటర్లు. బాక్స్‌లో పెట్టాక రెజొనెన్స్ 51 హెర్ట్జ్ దగ్గరికి వస్తుంది.

మీ బండికి నా ఓటు 0.8కే. అద్దాలు ఎత్తేసిన ఇనప కారులో కింది బేస్‌ని క్యాబినే పెంచి ఇస్తుంది. క్యాబిన్ పొడవు 2 మీటర్లయితే ఆ పెంపు సుమారు 86 హెర్ట్జ్ నుంచి కిందికి మొదలవుతుంది. గుడ్డ పైకప్పు ఆ ఒత్తిడిని ఆపలేదు, చాలావరకు బయటికి పోతుంది. కాబట్టి 30 హెర్ట్జ్ కోసం 35 లీటర్ల బాక్స్ మోయడం దండగ. 50-60 దగ్గర కాస్త బలిసిన బేసే ఆల్ టెర్రైన్ టైర్ల మోతను దాటి వినబడుతుంది. పైగా 12 లీటర్ల జాగా మిగులుతుంది.

#3 డోలుదెబ్బ

గుడ్డ టాప్‌లో బేస్ పోతోందని మీరే అంటున్నారు, మళ్ళీ సీల్డ్ పెట్టమంటున్నారు. అసలు పోర్టెడ్ కావాల్సిందే అక్కడ. నికరంగా 40 లీటర్లు, 35 హెర్ట్జ్‌కి ట్యూన్, అంటే పైపులో గాలి ఆ దగ్గర మోగేలా. 10 సెం.మీ. లోపలి వ్యాసం ఉన్న పైపు ఒకటి, పొడవు 41 సెం.మీ. హార్డ్‌వేర్ షాపులో దొరికే 110 మి.మీ. డ్రైనేజీ పీవీసీ పైపు దీనికి దగ్గరగా సరిపోతుంది. 40 హెర్ట్జ్ చుట్టుపక్కల అదే 300 వాట్లకి సీల్డ్ కంటే స్పష్టంగా ఎక్కువ మోత వస్తుంది.

#4 లీటర్‌లెక్క

లెక్క తప్పు కాదు అన్నా. కానీ ఆ 41 సెం.మీ. పైపే దాదాపు 4 లీటర్లు తింటుంది. డ్రైవర్, బ్రేసులు (లోపలి ఆసరా పట్టీలు) కలిపితే లోపల 46 లీటర్లు కావాలి. సీటు వెనక 46 లీటర్ల చెక్కపెట్టె పెడితే ఇక సామాను నెత్తిన పెట్టుకోవాలి. ఇంకోటి, ట్యూనింగ్ కంటే కింద కోన్‌కి వెనక నుంచి గాలి ఆసరా ఉండదు. ఆంప్‌లో సబ్‌సానిక్ ఫిల్టర్ (మరీ కింది స్వరాలు ఆపేది) 30 దగ్గర పెట్టకపోతే పాటలో అంతకంటే కింది బేస్ వచ్చినప్పుడల్లా కోన్ ఊగిపోతుంది.

#5 మట్టిబాట

పోర్టులోంచి బురద, దుమ్ము పోవా?

#6 డోలుదెబ్బ

దుమ్ము పోతుంది. పైపు నోటికి సన్నటి జాలీ కడితే గాలి ఈల వేస్తుంది, కట్టకపోతే దుమ్ము స్పైడర్ (కోన్ వెనక ముడతల గుడ్డ) మీద పేరుతుంది. వాగులు దాటే బండికి సీల్డే నయమని ఒప్పుకుంటా. హార్డ్‌టాప్ ఉండి, టార్ రోడ్డు మీదే తిరిగేవాళ్ళు కూడా సీల్డే కట్టుకోండి, క్యాబిన్ గెయిన్ ఉంటుంది కదా. సాఫ్ట్‌టాప్, పొడి నేల, వెనక సీట్లో ఎవరూ కూర్చోరు అనుకుంటేనే పోర్టెడ్.

#7 చెక్కపొట్టు

చెక్క సంగతి నేను చెప్తా. ఎండీఎఫ్ మాట ఎత్తకండి. సౌండుకి అది బాగుంటుంది, కోత నున్నగా వస్తుంది, అంతా నిజమే. కానీ తడి తగిలిన అంచు రొట్టెలా ఉబ్బుతుంది, స్క్రూ పట్టు వదిలేస్తుంది, మళ్ళీ ఎండినా మొదటి మందానికి రాదు. థార్ ఫ్లోర్‌లో నీళ్ళు పోయేందుకు డ్రైన్ ప్లగ్గులు పెట్టి ఇచ్చారంటేనే లోపలికి నీళ్ళొస్తాయని అర్థం.

18 మి.మీ. మెరైన్ ప్లై తీసుకోండి. షీట్ మీద ఐఎస్ 710 ముద్ర, బీడబ్ల్యూపీ గ్రేడ్ అని చూడండి. ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ వంటింటి అల్మరాకి సరే, దీనికి వద్దు. ముద్రని గుడ్డిగా నమ్మొద్దు. ఓ చిన్న ముక్క కోసి 4 గంటలు నీళ్ళలో ఉడకబెట్టండి. పొరలు విడిపోతే ఆ షీట్ వెనక్కి ఇచ్చేయండి. అసలైన బీడబ్ల్యూపీ 72 గంటల ఉడుకు పరీక్షకి నిలబడాలి. షీట్ నిలబెట్టి వేళ్ళ కణుపులతో అంతటా తట్టి చూడండి. ఎక్కడైనా డొల్లగా మోగితే లోపల పొర ఖాళీ ఉన్నట్టు. బేస్ పడ్డప్పుడు సరిగ్గా అక్కడే "జుయ్" మంటుంది.

ఒక భ్రమ మాత్రం పోగొట్టుకోవాలి. మెరైన్ ప్లైలో నీళ్ళకి తట్టుకునేది పొరల మధ్య జిగురు. చెక్క చెక్కే. కోసిన అంచు నీళ్ళు తాగుతుంది. అందుకే కోసిన ప్రతి అంచుకీ, కటౌట్ గుండ్రం లోపలి అంచుకీ, ప్రతి బోల్ట్ బొక్క లోపలికీ ఎపాక్సీ రెండు పూతలు. మొదటి పూత పల్చగా, పీల్చుకునేలా. అది జిగటగా ఉండగానే రెండోది. బాక్స్ లోపలి గోడలకి కూడా ఒక పూత వేయండి. బయట ఎంత రంగులేసినా లోపల పచ్చి చెక్క వదిలేస్తే తేమ అటునుంచి పడుతుంది.

#8 లీటర్‌లెక్క

కొలతలు వేశాను. సీటు వీపు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి కింద జాగా ఎక్కువ, పైన తక్కువ. బాక్స్ కూడా అలాగే: వాలు పలక సీటు వైపు, నిలువు పలక టెయిల్ డోర్ వైపు, సబ్ నిలువు పలకకి (కింద ముందు పలక అన్నది ఇదే).

బయటి కొలతలు: వెడల్పు 560, ఎత్తు 330, కింద లోతు 255, పైన లోతు 175 మి.మీ.

కోత పట్టిక, అంతా 18 మి.మీ. ప్లై:
పక్క పలకలు 2: ఎత్తు 330, కింద 255, పైన 175
అడుగు 1: 524 × 255
పైకప్పు 1: 524 × 175
ముందు పలక 2 (రెండూ కలిపి అతికించి 36 మి.మీ.): 524 × 294
వాలు పలక 1: 524 × 302.5
బ్రేస్ పట్టీలు 3: 294 × 40

వాలు కోణం 13.6 డిగ్రీలు. వాలు పలక పై, కింది అంచులూ, అడుగు, పైకప్పుల వెనక అంచులూ అదే కోణంలో కోయాలి.

లోపలి ఘనపరిమాణం: వెడల్పు 524, ఎత్తు 294, సగటు లోతు 215 నుంచి పలకల మందం తీస్తే 160. మొత్తం 24.7 లీటర్లు. అందులో డ్రైవర్ 1.5, బ్రేసులు 0.6 పోతే 22.6. కావలసింది 22.4. ఇంతకంటే దగ్గరగా రావాలని తాపత్రయపడొద్దు, 5 శాతం అటూ ఇటూ అయితే చెవికి తేడా తెలియదు.

మాగ్నెట్ తగులుతుందేమో నడిమధ్యలో మాత్రమే చూసి ఊరుకుంటారు. వాలు బాక్సులో ముందు తగిలేది మాగ్నెట్ పై అంచు. మాగ్నెట్ వ్యాసం 150 అనుకుంటే దాని పై అంచు నేల నుంచి 240 ఎత్తులో ఉంటుంది. అక్కడ లోపలి లోతు, ముందు పలక ముఖం నుంచి, 178. మౌంటింగ్ లోతు 150 పోతే 28 మి.మీ. ఖాళీ. మాగ్నెట్ నడుమ ఉండే వెంట్ (గాలి ఆడే బొక్క) దగ్గర 46. రెండూ చాలు.

#9 చెక్కపొట్టు

ఆ పట్టికతో కోసే ముందు అట్టపెట్టె కట్టండి. ఫ్రిజ్ అట్ట అయితే మందంగా ఉంటుంది. అదే కొలతతో టేపు వేసి, బండిలో పెట్టి, సీటు రిక్లైన్ చేసి, టెయిల్ డోర్ వేసి చూడండి. సబ్ కోన్‌కీ తలుపు పలకకీ మధ్య కనీసం 75 మి.మీ. ఉండాలి. జాకీ, టూల్ కిట్ తీయడానికి చెయ్యి పడుతుందా చూడండి. పంక్చరైన రోజు బాక్స్ విప్పాల్సి వస్తే తిట్టుకుంటారు.

సీటు వాలు కోణం ఫోన్‌లో లెవెల్ యాప్‌తో కొలవండి. 13.6 నా లెక్కలో అందంగా ఉంది, మీ సీటు 16 మీద ఉంటే బాక్స్ పై అంచు ఒక్కటే గుచ్చుకుంటుంది.

జోడించే వరుస: అడుగు, రెండు పక్కలు, పైకప్పు, వాలు పలక, బ్రేసులు, చివరికి ముందు పలక. జిగురు నీళ్ళకి ఓర్చేది కావాలి, ఫెవికాల్ మెరైన్ లాంటిది. మామూలు తెల్ల జిగురు వద్దు. స్క్రూలు స్టెయిన్‌లెస్, 8 నంబర్, 40 మి.మీ., 80 మి.మీ.కి ఒకటి. ముందు 3 మి.మీ. బొక్క తప్పనిసరి, లేకపోతే ప్లై అంచు మధ్య పొర చీలుతుంది. పైనుంచి చూస్తే తెలియదు. ఏడాదికి గాలి కారడం మొదలవుతుంది. అతికించాక కీలు వెంబడి జిగురు సన్నటి పూసల్లా బయటికి రావాలి. రాలేదంటే జిగురు చాల్లేదు.

లోపలి మూలలకి రంపపు పొట్టులో అదే జిగురు కలిపి లప్పంలా చేసి వేలితో రుద్దండి. సిలికాన్ పూస్తామంటే వెనిగర్ వాసన వచ్చేది వాడొద్దు, న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకోండి.

#10 మట్టిబాట

వెనిగర్ వాసన వస్తే ఏమవుతుంది?

#11 పన్నెండు_వోల్టులు

ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ ఆవిరి వదులుతుంది తమ్ముడూ. మూసిన పెట్టెలో ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? కాయిల్‌కి వెళ్ళే అల్లిక తీగల మీద, టెర్మినళ్ళ మీద పడి పచ్చగా చిలుము పట్టిస్తుంది. ఏ సీలెంట్ అయినా 48 గంటలు బాక్స్ తెరిచి ఉంచి, ఆ తర్వాతే డ్రైవర్ పెట్టండి.

వైరింగ్ కూడా ఇక్కడే రాసేస్తా.

రెండు 4 ఓమ్ కాయిళ్ళు పేరలల్‌గా కడితే 2 ఓమ్. సిరీస్ కడితే 8, ఆంప్ నాలుగో వంతు పవర్ కూడా కష్టంగా ఇస్తుంది. ప్లస్‌లు రెండూ ఒకచోట, మైనస్‌లు రెండూ ఒకచోట. కట్టాక మల్టీమీటర్ పెడితే 2 కంటే కొంచెం తక్కువే చూపిస్తుంది, అది డీసీ రెసిస్టెన్స్, కంగారు పడొద్దు. దాదాపు సున్నా చూపిస్తేనే షార్ట్.

300 వాట్లకి క్లాస్ డి 80 శాతం పని చేస్తుందనుకుంటే 13.8 వోల్టుల దగ్గర 27 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి వెనక్కి దాదాపు 5 మీటర్లు. అసలు రాగి 8 గేజ్ వేస్తే ఆ దారిలో 0.28 వోల్ట్ పోతుంది, 4 గేజ్ అయితే 0.11. మార్కెట్లో కిట్ పేరుతో అమ్మేవి ఎక్కువభాగం సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత. అందులో నష్టం ఒకటిన్నర రెట్లు, పైగా ఉప్పుగాలిలో, బురదనీళ్ళలో త్వరగా తెల్లటి పొడిగా మారిపోతుంది. తెలియాలంటే ఒక పోగుని చాకుతో గీకండి. లోపల వెండిలా మెరిస్తే సీసీఏ. 4 గేజ్ వద్దనుకుంటే అసలు రాగి 8 గేజ్ చాలు, 8 గేజ్ సీసీఏ మాత్రం వద్దు.

ఫ్యూజ్ 40 ఆంపియర్లు, బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెం.మీ. లోపల. ఫ్యూజ్ ఆంప్‌ని కాపాడటానికి కాదు, వైరు కాపాడటానికి. ఆంప్ దగ్గర పెట్టి ఊరుకుంటే మధ్యలో వైరు తోలు ఊడి బాడీకి తగిలిన రోజు బండి కాలుతుంది. ఫైర్‌వాల్ దాటే చోట రబ్బరు గ్రోమెట్ లేకుండా పచ్చి రేకు బొక్కలోంచి వైరు లాగొద్దు. రాళ్ళ దారిలో ఆ రేకు అంచు రంపంలా కోస్తుంది.

ఎర్త్ పొట్టిగా, 50 సెం.మీ. దాటకుండా. రంగు గీకి తెల్ల రేకు కనబడాలి, రింగ్ టెర్మినల్, పళ్ళ వాషర్, బోల్ట్, పైన గ్రీజు. సీటుబెల్ట్ బోల్ట్ కింద ఎర్త్ రింగు దూర్చే అలవాటు చాలా షాపుల్లో ఉంది. దయచేసి ఒప్పుకోవద్దు. ఆ బోల్ట్ టార్క్ మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది.

#12 గట్టుదారి

బిగింపు గురించి ఎవరూ రాయలేదు. ఈ బండిలో అసలు పని అదే.

బాక్స్‌లో ప్లై దాదాపు 10-11 కిలోలు, సబ్ 5 కిలోలు, మొత్తం 16 అనుకోండి. గట్టిగా గుద్దినప్పుడు 20 జీ (సొంత బరువుకి 20 రెట్లు) వస్తే అది 320 కిలోల బరువై ముందు సీట్ల మీదికి వస్తుంది. వెల్క్రో, బంగీ తాళ్ళు ఇక్కడ పనికిరావు. రాచెట్ పట్టీ కూడా తాత్కాలికమే, గతుకుల్లో వదులవుతుంది.

40 × 40 × 5 మి.మీ. ఎల్ యాంగిల్ ముక్కలు 4, ఒక్కోటి 60 మి.మీ. పొడవు. ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపులోనైనా తునకల్లో దొరుకుతుంది. పక్క పలకలకి రెండేసి. బాక్స్ వైపు ఎం6 బోల్టులు, లోపల పెద్ద వాషర్, నైలాక్ నట్టు, బొక్కలో ఎపాక్సీ. ఫ్లోర్ వైపు ఎం8, 8.8 గ్రేడ్. ఫ్లోర్ కింద నుంచి 50 × 50 × 3 మి.మీ. రేకు పలక ఆసరా పెట్టండి. ఒట్టి వాషర్ అయితే పల్చటి ఫ్లోర్ రేకులోంచి ఊడివస్తుంది.

డ్రిల్ పెట్టే ముందు బండి కింద దూరి చూడాలి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైరింగ్ గుత్తి ఎక్కడున్నాయో చూసి సుద్దతో గుర్తు పెట్టాలి. డ్రిల్ బిట్‌కి చెక్క ముక్క తొడిగి 10 మి.మీ. మాత్రమే బయటికి వదిలితే కిందికి దూసుకుపోదు. బొక్క అంచుకి జింక్ ప్రైమర్, బోల్ట్ చుట్టూ పీయూ సీలెంట్. ఈ రెండూ వదిలేస్తే రెండు వానాకాలాల్లో అక్కడ తుప్పు. సీటు లాక్, చైల్డ్ సీటు కొక్కేలు, బెల్ట్ బోల్టులు, రోల్ కేజ్ బోల్టులు: వీటి జోలికి పోవద్దు.

బాక్స్ అడుగున 12 మి.మీ. మందం హెచ్‌డీపీఈ పట్టీలు రెండు, ముందు నుంచి వెనక్కి. కూరగాయలు తరిగే తెల్ల ప్లాస్టిక్ పలక కోస్తే అదే. ఫ్లోర్ మీది నీళ్ళు వాటి మధ్యనుంచి పోతాయి, చెక్క తడిలో కూర్చోదు. డ్రైన్ ప్లగ్ మీద పట్టీ పడకుండా చూసుకోండి.

#13 మట్టిబాట

ఆంప్ ముందు సీటు కింద పెడదామనుకున్నా.

#14 గట్టుదారి

వద్దు. థార్‌కి కంపెనీ చెప్పే వాటర్ వేడింగ్ లోతు 650 మి.మీ. నీళ్ళు అంత ఎత్తున నిలిచి ఉంటే తలుపు కింద రబ్బరు దాటి ఫ్లోర్‌లోకి ఊరుతాయి. సీటు కింద ఆంప్ ముందు మునిగేది. వెనక పక్క ట్రిమ్ మీద, వీల్ ఆర్చ్ పైన నిలువుగా బిగించండి, టెర్మినళ్ళు పక్కకో కిందికో ఉండేలా. వైరుకి చిన్న వంపు కిందికి ఇస్తే కారే నీటి చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది.

బాక్స్ మీద కూడా ఆంప్ బిగించొద్దు. ఆ అదురుకి లోపలి కాయిళ్ళు, కెపాసిటర్ల సోల్డర్లు పగుళ్ళు పడతాయి. చుట్టూ 30 మి.మీ. గాలి ఆడనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన బండిలో ఆంప్ ముట్టుకోలేం. స్టార్ట్ చేసిన వెంటనే ఫుల్ సౌండ్ పెడితే థర్మల్ కట్ అవుతుంది, అది ఆంప్ పాడవడం కాదు.

#15 డోలుదెబ్బ

బాక్స్ పైన ఏం వేయాలి? కార్పెట్ చుడితే బాగుంటుంది కదా.

#16 చెక్కపొట్టు

కార్పెట్ బురద పీల్చుకుని వారం దాకా ఆరదు, కంపు కొడుతుంది. రెక్సిన్ అతికితే అంచుల దగ్గర లేస్తుంది, లోపల నీళ్ళు దాక్కుంటాయి. పికప్ ట్రక్కుల తొట్టికి వేసే రెండు భాగాల పాలీయురేతేన్ బెడ్‌లైనర్ పూత వేయించండి. గరుకుగా ఉంటుంది, గీతలు కనబడవు, పైపు పెట్టి కడగొచ్చు. దానికి ముందు మూలలన్నీ ఎమరీతో 5 మి.మీ. గుండ్రం చేయాలి. పదునైన అంచు మీద ఏ పూతా నిలవదు.

సబ్‌ని చెక్క స్క్రూలతో బిగించొద్దు. గుంతల్లో అదిరి అదిరి ప్లైలో బొక్క వదులవుతుంది. ఎం5 టీ నట్లు (పళ్ళతో చెక్కలో దిగే నట్లు) వెనక నుంచి కొట్టి, చుట్టూ ఎపాక్సీ వేసి, ముందు నుంచి అలెన్ బోల్టులు. ఎపాక్సీ వేయకపోతే రెండోసారి విప్పేటప్పుడు టీ నట్ ఊడి లోపల పడుతుంది, బోల్ట్ ఊరికే తిరుగుతుంది, సబ్ బయటికి రాదు. బోల్టుకి నీలం థ్రెడ్ లాకర్ ఒక చుక్క, ఎర్రది కాదు. బిగించేటప్పుడు ఎదురెదురు బోల్టులు వరసగా. అందరూ చేసే తప్పు, ఒకవైపు నుంచి చుట్టూ బిగించుకుంటూ పోవడం. బాస్కెట్ (స్పీకర్ చట్రం) మెలితిరిగి కాయిల్ రాసుకుంటుంది, "గర్" మని మోగుతుంది, కంపెనీ లోపమని వాపసు పంపిస్తారు.

సబ్ అంచుకీ పలకకీ మధ్య 3 మి.మీ. ఈపీడీఎం ఫోమ్ టేపు. టెర్మినల్ కప్పు వాడొద్దు, సగం గాలి కారేది అక్కడే. రెండు ఎం6 ఇత్తడి బోల్టులు నేరుగా పలకలోంచి ఎపాక్సీతో, లేదా కేబుల్ గ్లాండ్.

#17 లీటర్‌లెక్క

లోపల ఫైబర్: దిండ్లలో వేసే పాలిస్టర్ దూది 250-300 గ్రాములు, వదులుగా విప్పి నింపండి. బూరుగు దూది, పత్తి వద్దు, తేమ పట్టి ముద్దవుతాయి. వెంట్ ముందు కాస్త ఖాళీ వదలండి, పోగులు లోపలికి లాక్కుంటుంది.

ఇంకో చిన్న మాట. ఊరేగింపు డీజే వాళ్ళ దగ్గర చవగ్గా వచ్చే 12, 15 అంగుళాల డ్రైవర్లు ఈ బాక్స్‌లో పెట్టొచ్చా అని తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు. అవి ఎక్కువగా 8 ఓమ్, కోన్ కదలిక తక్కువ, పెద్ద పోర్టెడ్ పెట్టెల కోసం చేసినవి. 22 లీటర్ల సీల్డ్‌లో డబ్బా కొట్టినట్టు ఉంటాయి.

#18 గుజరాతీగల్లీ

కంపెనీ స్టీరియో నుంచి సిగ్నల్ ఎలా తీస్తున్నారు? ఆర్‌సీఏ (ఆంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) లేదు కదా.

#19 పన్నెండు_వోల్టులు

ఆంప్‌లో హై లెవెల్ ఇన్‌పుట్ ఉంటే నేరుగా స్పీకర్ వైర్ల నుంచే. లేకపోతే లైన్ అవుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ని ఆర్‌సీఏ స్థాయికి తగ్గించేది). స్టీరియో వెనక కప్లర్‌కి సరిపోయే రెడీమేడ్ హార్నెస్ మధ్యలో పెట్టి దాంట్లోంచి తీయండి, అసలు వైరు కోయొద్దు. కోసిన వైరు చూస్తే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. తోలు గుచ్చి పట్టే నీలం క్లిప్పులు వాడొద్దు, బురద బండిలో ఆర్నెల్లకి లోపల పచ్చబడతాయి. క్రింప్ చేసి, పైన జిగురున్న హీట్ ష్రింక్. సోల్డర్ చేస్తే సోల్డర్ ఆగిన చోట వైరు గట్టిపడి, అదురుకి సరిగ్గా అక్కడే తెగుతుంది.

సిగ్నల్ వైరు ఒక పక్క, బ్యాటరీ వైరు ఇంకో పక్క. రెండూ కలిపి లాగితే ఇంజన్ రేస్ చేసినప్పుడల్లా "కుయ్" మంటుంది. వేరుగా లాగినా ఆ కూత వస్తే ఎర్త్ చూడండి, పదికి తొమ్మిది సార్లు రంగు సరిగ్గా గీకి ఉండరు.

గెయిన్: సబ్ వైరు తీసేయండి. బేస్ బూస్ట్ సున్నా, లోపాస్ ఫిల్టర్ (పై స్వరాలు ఆపేది) పూర్తిగా తెరిచి, స్టీరియో వాల్యూమ్ నాలుగింట మూడొంతులు. 0 డీబీ 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఆంప్ అవుట్‌పుట్ మీద మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో. 300 వాట్లు, 2 ఓమ్: 600కి వర్గమూలం, 24.5 వోల్టులు. అక్కడికి రాగానే ఆపేయండి. తర్వాత ఫిల్టర్ 80కి. గెయిన్ నాబ్ వాల్యూమ్ కాదు. అక్కడినుంచి పైకి తిప్పితే వచ్చేది క్లిప్పింగ్, కాయిల్ మాడేది దాంతోనే.

చివరికి సబ్ ప్లస్ మైనస్ తిప్పి రెండు రకాలుగా వినండి. డ్రైవర్ సీట్లో కూర్చుంటే ఏ వైపు బేస్ నిండుగా ఉందో అదే సరైనది. థార్‌లో స్పీకర్లు పైకప్పు దగ్గరున్నాయి, సబ్ వెనక కింద ఉంది, కాబట్టి కాగితం మీద ప్లస్‌కి ప్లస్ అన్నది ఇక్కడ ప్రతిసారీ నిజం కాదు.

#20 గట్టుదారి

గాలి కారుతుందో లేదో చూడటం రాయలేదు. సబ్ బిగించాక కోన్‌ని రెండు అరచేతులతో సమంగా, మెల్లగా నొక్కి వదలండి. నిదానంగా వెనక్కి వస్తే సరి, టక్కున వస్తే ఎక్కడో కారుతోంది. 25 హెర్ట్జ్ టోన్ సన్నగా పెట్టి కీళ్ళ వెంబడి అగరబత్తి తిప్పండి. కారే చోట పొగ వణుకుతుంది. ఫ్యాన్ ఆపి చేయండి.

ఇది సౌండ్ కోసమే కాదు. ఎండలో 45 డిగ్రీల దగ్గరున్న బాక్స్ వాగులో దిగి 25కి చల్లబడితే లోపలి గాలి 6 శాతం కుంచించుకుంటుంది. సూది బొక్క ఉన్నా దాంట్లోంచి నీళ్ళు లోపలికి పీలుస్తుంది. బయటినుంచి పోసి చూస్తే కారని బొక్క కూడా అలా తాగుతుంది.

#21 డోలుదెబ్బ

అన్నీ అయ్యాక వచ్చే మోతల్లో సగం బాక్స్‌వి కావు. టాప్ జిప్పులు, వెనక సీటుబెల్ట్ బకిల్, స్టెప్నీ వైపు టెయిల్ డోర్ పలక. 30 నుంచి 80 దాకా టోన్ మెల్లగా పెంచుతూ ఒకరు చేతులు ఆనించి వెతకాలి. టెయిల్ డోర్ లోపల 2 మి.మీ. బ్యుటైల్ షీట్ వేస్తే చాలావరకు పోతాయి.

సబ్ ముందు స్టీల్ జాలీ మరిచిపోవద్దు. కోన్ 15 మి.మీ. దాకా బయటికొస్తుంది, జాలీ కనీసం 25 దూరంలో.

#22 మట్టిబాట

అందరికీ థాంక్స్. అట్టపెట్టె కట్టి చూశా, పట్టింది, కోన్ ముందు 90 మి.మీ. ఉంది, సీటు వాలు 14. ముక్కలు కాగితం మీద పేర్చి చూస్తే 4×3 అడుగుల ప్లై ముక్కలోనే అన్నీ వస్తున్నాయి. 294, 294, 302.5 ఒక వరసలో, కలిపితే 890.5. ముక్క 915. షాపులో కట్ పీస్ ఉంది, అదే తీసుకోనా?

#23 చెక్కపొట్టు

రంపం తినేది లెక్కేయలేదు మీరు. ఒక్కో కోతకి 3 మి.మీ., రెండు కోతలకి 6. కట్ పీస్ అంచులు దెబ్బతిని ఉంటాయి, రెండు వైపులా 5 చొప్పున కోసేయాలి, 10. వాలు పలకని 302.5కే కోస్తే కోణం తీసేటప్పుడు సవరించుకోవడానికి ఏమీ మిగలదు, ముందు 308కి కోసి తర్వాత అంచులు వాల్చాలి. 294, 294, 308, 6, 10: మొత్తం 912. మిగిలేది 3 మి.మీ. జిగ్ సా ఒక్కసారి పక్కకి పోతే షీట్ మొత్తం దండగ. 4×4 తెచ్చుకోండి. మిగిలిన దాంట్లో ముందు ఒక 234 గుండ్రం కోసి సబ్ కూర్చుంటుందో లేదో చూసి, ఆ తర్వాత అసలు పలక మీద రంపం పెట్టండి.